కుదురు లేదని తిట్టే ముందు పిల్లల చేతులూ కాళ్లూ గమనించండి

పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ కొంతమంది అమ్మానాన్నలు వినేది ఒకటే. "కుదురుగా కూర్చోడండీ. బోర్డు మీద రాసినదాంట్లో సగం కూడా ఎక్కించుకోడు. లైన్‌లో నిలబెడితే ముందున్నవాడి మీద పడతాడు. ఫ్రెండ్స్ కూడా పెద్దగా లేరు." ఇంటికొచ్చాక క్లాసు పీకడం, టీవీ కట్టేయడం, ఇంకో ట్యూషన్ వెతకడం. వీటిని నాలుగు వేర్వేరు తప్పులుగా చూస్తే మనకి తోచేవి ఇవే మరి. నాలుగూ ఒకచోట పెట్టి చూస్తే మాత్రం వేరే అనుమానం రావాలి. రాయడం చేతి పని, పక్కవాడికి తగలకుండా నిలబడటం ఒంటి మీద అదుపు ఉంటేనే కుదిరే పని, ఆటలో కలవాలంటే ఆ రెండూ కావాలి. అంటే ఈ పిల్లాడు మన మాట వినకపోవడం కాదు, వాడి ఒళ్లే వాడి మాట వినడం లేదేమో.

అలాంటి పిల్లలకి ఇంట్లో ఏం చేయాలి, ఎవరికి చూపించాలి, స్కూల్లో ఏం అడగాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా ఐదు నుంచి పదకొండేళ్ల మధ్య పిల్లల గురించి. "వాడు" అని రాస్తున్నా గానీ ఆడపిల్లల్లోనూ ఇది ఉంటుంది. వాళ్లు గొడవ చేయకుండా ఒక మూల కూర్చుంటే ఎవరి కంటా పడక ఇంకా ఆలస్యం కావచ్చు.

కదలికల ఇబ్బంది, ధ్యాస ఇబ్బంది రెండూ కలిసి ఎందుకొస్తాయి

వయసుకి తగ్గట్టు కదలికలు కుదరక, అది చదువుకీ రోజువారీ పనులకీ అడ్డమవుతుంటే దాన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు, పొట్టిగా డీసీడీ. స్కూలు వయసు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి ఉంటుందని అంచనా, అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఇద్దరు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ముందూవెనకా చూడకుండా చేసేయడం లాంటి ఇబ్బంది ఉన్న పిల్లల్లోనైతే దాదాపు సగం మందికి ఈ కదలికల ఇబ్బంది కూడా కనిపిస్తుంది. స్వీడన్‌లో క్రిస్టఫర్ గిల్‌బర్గ్ అనే డాక్టర్ 1980ల్లోనే ఈ రెండింటినీ కలిపి డ్యాంప్ అని ఒక పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఇప్పుడు పెద్దగా వాడటం లేదు, ఆయన గమనించిన విషయం మాత్రం నిలబడింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో డీసీడీ ఇంకా ఎక్కువ, కాబట్టి మీవాడు అలా పుట్టి ఉంటే ముందునుంచే కాస్త కనిపెట్టి ఉండండి.

కదలికలకి చిన్నమెదడు, ధ్యాసకి నుదుటి వెనకున్న మెదడు భాగం అని వేరువేరుగా చెప్పుకునే రోజులు పోయాయి. కొత్త పని, కష్టమైన పని చేసేటప్పుడు ఆ రెండూ కలిసి పనిచేస్తాయని పిల్లల మెదడు మీద పరిశోధన చేసే అడెల్ డైమండ్ 2000లో వివరంగా రాశారు. అయితే తల్లిదండ్రులకి ఇంతకంటే పనికొచ్చే సంగతి ఇంకోటుంది. కొత్తగా స్కూటీ నేర్చుకుంటున్నప్పుడు వెనక కూర్చున్నవాళ్లు ఏదైనా అడిగితే మనకి జవాబు చెప్పబుద్ధి కాదు, ధ్యాసంతా హ్యాండిల్ మీదే ఉంటుంది. ఈ పిల్లలకి పెన్సిల్ పట్టుకోవడం, కుర్చీలోంచి జారకుండా కూర్చోవడం రెండో క్లాసులో కూడా అలాగే ఉంటాయి. "క్ష"లో ఏ మెలిక ఎటు తిప్పాలో ఆలోచించేసరికి టీచర్ మూడో వాక్యంలోకి వెళ్లిపోతారు. బయటినుంచి చూసేవాళ్లకి అది పరధ్యానం. నిజానికి ధ్యాస ఉంది, అదంతా చేతికే ఖర్చయిపోయింది.

ఇక స్నేహాల సంగతి. లంచ్ బెల్ కొట్టాక ఏం జరుగుతుందో ఒకసారి ఊహించండి. అందరూ టిఫిన్ బాక్సు తీసి గబగబా తినేస్తారు. మనవాడికి ఆ స్టీలు డబ్బా మూత రాదు. పొట్టకి ఆనించి లాగుతాడు, మూత ఒక్కసారిగా ఊడి పులిహోర సగం బల్ల మీద పడుతుంది, పక్కపిల్లలు నవ్వుతారు. వాడు తిని, చేయి కడుక్కుని, ఊడిన షూ లేసుని అలాగే ఈడ్చుకుంటూ గ్రౌండ్‌లోకి వెళ్లేసరికి టీములు పంచుకోవడం అయిపోయి ఉంటుంది. బతిమాలితే "సరే, నువ్వు ఆటలో అరటిపండు" అంటారు. అవుటైనా లెక్కలేదు, రన్ తీసినా లెక్కలేదు. ఇది రోజూ జరిగితే వాడు గ్రౌండ్‌కి వెళ్లడమే మానేస్తాడు, ఆడకపోతే చేతులకీ కాళ్లకీ ప్రాక్టీసు ఉండదు, ప్రాక్టీసు లేక తోటివాళ్లకీ వాడికీ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. కెనడాలో జాన్ కెయిర్నీ అనే పరిశోధకుడి బృందం ఏళ్లతరబడి చూసింది ఇదే: కదలికల ఇబ్బంది ఉన్న పిల్లలు ఆటలకి దూరమవుతారు, ఒంటరవుతారు, తర్వాత్తర్వాత దిగులు, టెన్షన్ ఎక్కువవుతాయి. కాబట్టి స్నేహాల్లేవన్న బాధ, కుదురు లేదన్న బాధ, చేతులు తిరగవన్న బాధ ఈ మూడింటినీ విడదీసి వైద్యం చేయలేం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చేతులు తిరగని పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ ఉండదు. వ్యాయామం చేయిస్తే ఏడీహెచ్‌డీ పోదు. అలా చెప్పి ప్యాకేజీలు అమ్మేవాళ్లుంటారు, కళ్లకి గంతలు కట్టి రంగులు చెప్పించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ కోర్సులు మన ఊళ్లలో ఎంత నడిచాయో తెలిసిందే. దానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు. ఆ డబ్బుతో ఒక మంచి సైకిల్ కొనండి.

ముందు రెండు వారాలు ఊరికే చూడండి

సరిదిద్దొద్దు, సలహాలివ్వొద్దు, ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి కనబడింది కనబడినట్టు రాసుకోండి. చొక్కా గుండీలు ఎంతసేపు పడుతున్నాయి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేటప్పుడు సగం ఒళ్లో పడుతోందా, మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతున్నాడా, ఒంటికాలి మీద నిలబడగలడా, బంతి వస్తుంటే మొహం పక్కకి తిప్పేసుకుంటున్నాడా, తలుపు గడపలకీ టీపాయ్ మూలలకీ తగులుతూనే ఉన్నాడా. వీటి పక్కనే ధ్యాస గురించి కూడా రాయండి. చేతి పనిలేనప్పుడు, అంటే మీరు కథ చెబుతున్నప్పుడు ఎంతసేపు వింటాడు? కథ అరగంట విని, రాయమంటే రెండు నిమిషాల్లో లేచిపోతే ఇబ్బంది రాతలో ఉండొచ్చు. కథలోనూ, భోజనంలోనూ, ఆటలోనూ అన్నింట్లోనూ అంతే అయితే ధ్యాస గురించి విడిగా ఆలోచించాలి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలుగా, ఇల్లూ స్కూలూ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. ఒక్క లెక్కల టీచర్ దగ్గరే అల్లరి చేస్తే అది ఇంకో కథ.

పెదనాన్న కొడుకుతోనో పక్కింటి పాపతోనో పోల్చకండి, వయసులో ఆర్నెల్ల తేడా ఉన్నా ఈ ఈడులో చాలా తేడా ఉంటుంది. ఎప్పుడూ నేల మీద వదలని పిల్లాడికీ, నాలుగేళ్లొచ్చినా నాయనమ్మే తినిపించే పిల్లాడికీ చేతులు తిరగకపోవడం రోగం కాదు, అవకాశం ఇవ్వకపోవడం. ముందు అవకాశం ఇచ్చి చూడండి. ఐదేళ్ల లోపు డీసీడీ అని మామూలుగా తేల్చి చెప్పరు కూడా.

ఇవి కనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అంతకుముందు వచ్చిన పని ఇప్పుడు రాకపోవడం. పడిపోవడం నెలనెలా ఎక్కువవడం. నేల మీద నుంచి లేవడానికి తన తొడల మీద తానే చేతులు ఆనించి పైకి పాకినట్టు లేవడం, పిక్కలు లావుగా ఉండటం (మగపిల్లల్లో ఇది కండరాల జబ్బుకి గుర్తు కావచ్చు). ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడి రెండోది వదిలేయడం. పద్దెనిమిది నెలలు దాటినా నడక రాకపోవడం. అలాగే మామూలు పిల్లలకైనా సరే, కళ్లూ చెవులూ ఒకసారి పరీక్ష చేయించండి. అద్దాలు అవసరమైన పిల్లాడు బంతి పట్టుకోలేకపోయినా, బోర్డు చూసి రాయలేకపోయినా అందులో వింతేముంది.

ఎవరికి చూపించాలి

మొదట మీ పిల్లల డాక్టరే. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి, "అల్లరి ఎక్కువండీ" అని ఒక్క ముక్కలో చెబితే ఆయన ఏం తేల్చగలరు. అక్కడినుంచి డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కో (పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్), ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కో (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవాళ్లు), సైకాలజిస్ట్‌కో పంపుతారు. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ స్కూళ్లలో పిల్లల్ని పరీక్షించే ఏర్పాటుంది. అవసరమైతే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి రాసిస్తారు, వాటిని డైక్ అంటారు, జిల్లా ఆస్పత్రిలో అడిగితే చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన ఎదుగుదల ఇబ్బందులున్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, అక్కడా పిల్లల ఎదుగుదల పరీక్షలు చేస్తారు.

కదలికలకి ఎక్కువగా వాడే పరీక్ష మూవ్‌మెంట్ ఏబీసీ. వేళ్లతో చేసే పని, గురిచూసి విసరడం, పట్టుకోవడం, బ్యాలెన్స్ ఇవన్నీ చేయించి వయసుతో పోల్చి మార్కులేస్తారు. పిల్లాడు దాన్ని ఆటనుకుంటాడు, భయం అక్కర్లేదు.

థెరపీ మొదలుపెట్టేముందు ఒకటి అడగండి: "మూడు నెలల తర్వాత మావాడు ఏ పని చేయగలగాలని పెట్టుకున్నారు?" షూ లేసు కట్టుకోవాలి, సైకిల్ తొక్కాలి, పేజీ రాయాలి అని సూటిగా చెబితే మంచిదే. ఊరికే ఉయ్యాల ఊపి, బ్రష్‌తో చేతులు రుద్ది, "సెన్సరీ బాగవుతుంది" అని మాత్రమే చెబితే నేనైతే ఇంకో చోటు చూసుకుంటాను. డీసీడీ మీద 2019లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సులు కూడా పిల్లాడికి కావలసిన పనినే నేరుగా నేర్పమంటాయి.

ఇంట్లో ఒకే ఒక్క పని పట్టుకోండి

ఆ పనిని వాడే ఎంచుకోవాలి. మనకి చేతిరాత ముఖ్యం కావచ్చు, వాడికి క్యాచ్ పట్టడం ముఖ్యం. వాడిదే మొదలుపెట్టండి, ఇష్టమైన పనిలో ధ్యాస దానంతటదే ఎక్కువసేపు నిలుస్తుంది. కెనడాలో హెలీన్ పోలటాయ్‌కో, ఏంజెలా మాండిచ్ అనే ఆక్యుపేషనల్ థెరపీ నిపుణులు తయారుచేసిన కో-ఆప్ అనే పద్ధతి ఉంది. దాని సారం నాలుగు ముక్కలు: ఏం కావాలి, ఎలా చేద్దాం, చెయ్యి, కుదిరిందా చూడు. "ఎలా చేద్దాం" అన్నది మనం చెప్పకూడదు, వాడిచేత చెప్పించాలి. మొత్తం కిటుకు అక్కడే ఉంది.

క్యాచ్ సంగతే తీసుకుందాం. ముందు బెలూన్, అది నెమ్మదిగా వస్తుంది, చూసే టైం ఉంటుంది. తర్వాత పెద్ద ప్లాస్టిక్ బంతి, నేలకేసి కొట్టి వాడి వైపు పంపండి. తర్వాత స్పాంజి బంతి, చివర్లో టెన్నిస్ బంతి. దూరం మూడడుగుల నుంచి మొదలు. జారిపోయినప్పుడు "చూసి పట్టుకోరా" అనొద్దు, ఆ మాటలో వాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. అడగండి.

"బంతి ఎక్కడ తగిలిందిరా నాన్నా?"

"ఇక్కడ, గుండె మీద."

"అప్పుడు చేతులెక్కడున్నాయి?"

"కిందున్నాయి."

"మరి ఈసారి ఏం చేద్దాం?"

"ముందే పైకి పెట్టుకుంటా."

అంతే, మళ్లీ విసరండి. నాలుగైదు సార్లయ్యాక ఇంకోటి అడగండి, బంతి దగ్గరికొచ్చినప్పుడు కళ్లేం చేస్తున్నాయని. చాలామంది పిల్లలు కళ్లు మూసుకుంటారు, అడిగేదాకా ఆ సంగతి వాళ్లకే తెలియదు. తానే కనిపెట్టింది గుర్తుంటుంది, మనం అరిచి చెప్పింది ఉండదు.

రోజుకి పది నిమిషాలు చాలు. ఆదివారం గంటసేపు చేయించి మిగతా రోజులు వదిలేస్తే పెద్ద ఉపయోగం లేదు. ధ్యాస తక్కువున్న పిల్లాడికి ఒకసారికి ఒక మాటే చెప్పండి, "బంతి తీసుకుని, చెప్పులేసుకుని, గేటు వేసి రా" అంటే మూడింట్లో రెండు గాలికి పోతాయి. విసుగొచ్చేదాకా లాగకండి, ఇంకా ఆడదామని వాడు అంటున్నప్పుడే ఆపేయండి. హోంవర్క్‌కి ముందు ఆట పెడితే కాసేపు కూర్చోవడం కూడా తేలికవుతుంది.

వేళ్లకి వేరే క్లాసు అక్కర్లేదు, వంటింట్లోనే బోలెడంత పని ఉంది. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, ఇడ్లీ రవ్వ గ్లాసుతో కొలిచి పోయడం. నేల మీద పోతుందని భయపడితే వాడికి రాదు. ముగ్గు చుక్కలు కలపడం, పూలు మాల కట్టడం మగపిల్లలకీ నేర్పండి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు, గురిచూసి వేయడం, తన వంతు వచ్చేదాకా ఆగడం మూడూ ఉన్నాయి. అచ్చంగిల్లాలు ఒక్క రాయితో మొదలుపెడితే ఎవరైనా ఆడొచ్చు.

రాతకి వస్తే, ముందు కుర్చీ చూడండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ఒళ్లు నిలబెట్టుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది, కాళ్ల కింద పీటో పాత పుస్తకాల కట్టో పెట్టండి. కొత్త అక్షరాలు పలక మీద పెద్దగా దిద్దించండి, గుణింతాలకంటే ఒత్తులు ఆలస్యంగా వస్తాయి, రానివ్వండి. పదిసార్లు తప్పుగా రాయడంకంటే మూడుసార్లు సరిగా రాయడం నయం. వాడు రాసిన వాటిలో బాగా కుదిరింది ఏదో వాడినే సున్నా చుట్టమనండి.

స్నేహితుల దగ్గరికి వాడిని ఎలా చేర్చాలి

పుట్టినరోజుకి పాతిక మందిని పిలిస్తే వాడు ఇంకా బిక్కచచ్చిపోతాడు. ఒక్క పిల్లాడిని, కాస్త నెమ్మదస్తుడిని చూసి, శనివారం సాయంత్రం గంటసేపు ఇంటికి పిలవండి. ఏం ఆడాలో ముందే అనుకుని ఆ ఆట నియమాలు మనవాడికి ముందురోజే నేర్పి ఉంచండి. చేతి వేగంతో పనిలేని ఆటయితే మేలు, అష్టాచెమ్మా, వామనగుంటలు, లేకపోతే ఇద్దరూ కలిసి అట్టపెట్టెలతో ఇల్లు కట్టడం. గంట కాగానే పంపించేయండి, గొడవ వచ్చేదాకా ఉంచొద్దు.

ఈ పిల్లలు దారిలో ఎవరికైనా తగిలితే అవతలివాళ్లు కొట్టాడనుకుంటారు. వీడు తగిలానని కూడా గమనించక ముందుకెళ్లిపోతాడు, అదింకా పొగరుగా కనిపిస్తుంది. కాబట్టి ఇంట్లోనే ప్రాక్టీసు చేయించండి: చేయి చాపితే పక్కవాడికి అందనంత దూరం నిలబడటం, తగిలితే ఆగి "సారీ, చూసుకోలేదు" అనడం. చిన్న మాటే గానీ చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి.

క్రికెట్, కబడ్డీ లాంటి జట్టు ఆటల్లో ఓడిస్తున్నాడని తిట్లు పడతాయి కాబట్టి ఈత, సైకిల్, పరుగు, కరాటే లాంటివి ముందు పెట్టండి, పోటీ తన నిన్నటితోనే ఉంటుంది. స్కోరర్‌గానో అంపైర్‌గానో పెట్టడం మంచి ఉపాయమే, అయితే ఏడాదంతా అదే అయితే వాడు ఆడకుండా మిగిలిపోతాడు. రోజూ ఒక ఓవర్ బ్యాటింగ్ కూడా ఇమ్మని పెద్ద పిల్లల్లో ఒకడికి చెప్పి చూడండి, పెద్దవాళ్లు నమ్మి అప్పజెప్పిన పని పిల్లలు బాగా చేస్తారు.

"మొద్దు", "చేతకానివాడు" లాంటి మాటలు చుట్టాల నోట్లోంచి వస్తే అక్కడికక్కడే ఆపండి, పెద్దవాళ్లయినా సరే. "వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే" అంటారు చూడండి, అందులో కొంత నిజముంది, ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బాగా నడుస్తుంది. కానీ నాన్న పడ్డ బాధ వీడూ పడాలని లేదు కదా.

మందుల గురించి ఎక్కువ రాయను, అది డాక్టర్ నిర్ణయం. ఏడీహెచ్‌డీ ఉందని తేలితే ఆరేళ్ల లోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇస్తారు. పెద్ద పిల్లలకి మందుతో ధ్యాస కుదిరి కొంతమందిలో చేతిరాత కూడా బాగుపడుతుంది. అలాగని క్యాచ్ పట్టడం మందు నేర్పదు, నేర్పే పని మనదే.

స్కూల్లో ఏం అడగాలి

అన్నిటికంటే ముందు ఇది: నోట్స్ పూర్తికాలేదని గేమ్స్ పీరియడ్ కట్ చేయొద్దని అడగండి. చాలా స్కూళ్లలో ఇదే శిక్ష, ఈ పిల్లలకి ఇంతకంటే నష్టం చేసే శిక్ష ఇంకోటి లేదు. కదలిక, స్నేహం, కాసేపు ఊపిరి, మూడూ దొరికే గంట అదొక్కటే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే మనం ఉన్న పీరియడ్ కూడా లాగేసుకుంటున్నాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీల (చదువులో ఒక్కో పనికి అడ్డమయ్యే ఇబ్బందులు) నిర్వచనంలో రాత కుదరని డిస్‌గ్రాఫియా, కదలికలు కుదరని డిస్‌ప్రాక్సియా పేర్లు కూడా ఉన్నాయి. ఇబ్బంది ఎక్కువుంటే సర్టిఫికెట్, పరీక్షల్లో అదనపు సమయం గురించి డాక్టర్‌తో పై క్లాసులకి రాకముందే మాట్లాడండి, పదో తరగతి పరీక్షల ముందు పరిగెత్తితే కాగితాలు అందవు.

జూన్‌లో కొత్త టీచర్ రాగానే ఒక చీటీ రాసివ్వండి, ఫిర్యాదులా కాకుండా. ఇలా ఉంటే చాలు:

"మేడమ్, మా బాబుకి చేతివేళ్లతో చేసే పనులు, ఒంటి బ్యాలెన్స్ వయసుకి తగ్గట్టు ఇంకా కుదరలేదు, డాక్టర్‌కి చూపిస్తున్నాం. తెలివికి లోటు లేదు, నోటితో అడిగితే జవాబులు చెబుతాడు. వీలైతే ముందు బెంచీలో, కాళ్లు నేలకి ఆనేచోట కూర్చోబెట్టండి. బోర్డు మీదది మొత్తం ఎక్కించుకోలేకపోతే పక్క పిల్లల నోట్స్ ఫోటో తీసుకోనివ్వండి, మేం ఇంట్లో రాయిస్తాం. లంచ్‌లో డబ్బా మూత వదులుది పంపిస్తున్నాం, షూకి లేసులు లేకుండా వెల్‌క్రో వేశాం, గ్రౌండ్‌కి అందరితోపాటు వెళ్లనివ్వండి. ఎవరికైనా తగిలితే కావాలని చేశాడా అని ఒకసారి అడిగి చూడండి. నెలకోసారి మీకు వీలైనప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడతాను."